సెనేట్‌లో కూర్చున్న మేయర్: డయాన్ ఫైన్‌స్టైన్ రాజకీయ ప్రయాణం

1978 నవంబరు 27, సోమవారం. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్‌లో ఆ ఉదయం విలేకరులు కనిపిస్తే, తాను ఇక మేయర్ పదవికి పోటీ చేయబోనని డయాన్ ఫైన్‌స్టైన్ చెప్పేశారు. అప్పటికి రెండుసార్లు పోటీ చేశారు, రెండుసార్లూ మూడో స్థానమే దక్కింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో భర్త క్యాన్సర్‌తో పోయారు. హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లి, జబ్బుపడి, అప్పుడే తిరిగొచ్చారు. వయసు 45. రాజకీయాలు ఇక చాలు అనుకున్నారు. ఆ మాట అన్న కొద్ది గంటలకే ఆమె ఆ నగరానికి తాత్కాలిక మేయర్. పద్నాలుగేళ్లకు అమెరికా సెనేటర్. 2023లో 90 ఏళ్ల వయసులో చనిపోయేనాటికి కూడా ఆ సీటు ఆమెదే.

తుపాకీ గుండు ఆమెను మేయర్‌ను చేసింది అంటారు చాలామంది. ఆమె కూడా దాదాపు అదే అర్థం వచ్చేలా మాట్లాడేవారు. అయితే ఆ రోజు ఆ కుర్చీకి ఒక మెట్టు కింద ఆమే ఎందుకున్నారన్నది ఆ మాట చెప్పదు. తర్వాత మూడు దశాబ్దాల పాటు వాషింగ్టన్‌లో ఆమె ఎందుకలా ప్రవర్తించారో కూడా చెప్పదు. రెండింటికీ జవాబు సిటీ హాల్‌లోనే దొరుకుతుంది. ఫైన్‌స్టైన్ సెనేట్‌కు వెళ్లారు గానీ, పని మాత్రం చివరిదాకా మేయర్ పద్ధతిలోనే చేశారు. ఆమె బలం అక్కడే ఉంది, ఆమె మీద వచ్చిన విమర్శల్లో సగానికి మూలమూ అక్కడే ఉంది.

ఆ సిటీ హాల్‌తో పరిచయం చిన్నప్పుడే మొదలైంది. తండ్రి లియోన్ గోల్డ్‌మన్ పేరున్న సర్జన్. బయటికి కలిగిన ఇల్లే గానీ, తల్లి మానసిక అనారోగ్యం వల్ల లోపల ప్రశాంతత లేదు. కోట్లు తయారుచేసే వ్యాపారంలో ఉన్న బాబాయి మోరిస్, ఈ పిల్లను సోమవారాల్లో నగర కౌన్సిల్ సమావేశాలకు వెంటబెట్టుకెళ్లేవాడు. అక్కడి కౌన్సిల్ పేరు బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. బాబాయి నోట్లో అది ‘బోర్డ్ ఆఫ్ స్టూపిడ్‌వైజర్స్’. గ్యాలరీలో కూర్చుని ఆ వెటకారం వింటూనే ఆ పిల్ల కింద జరిగేదంతా చూసేది. స్టాన్‌ఫర్డ్‌లో చరిత్ర చదివాక 1960లో గవర్నర్ పాట్ బ్రౌన్ ఆమెను మహిళా ఖైదీల శిక్షాకాలం, పెరోల్ నిర్ణయించే రాష్ట్ర బోర్డులో నియమించారు. అది ఓటు అడగకుండా వచ్చిన పదవి.

1969లో సూపర్‌వైజర్‌గా పోటీ చేశారు. ఈ బోర్డు గురించి కాస్త చెప్పుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ఒకేసారి నగరమూ కౌంటీ కూడా. అంటే మన లెక్కలో కార్పొరేషన్‌నూ జిల్లా పరిషత్‌నూ కలిపి ఒకే సభ చేసినట్టు. అందులో 11 మంది సభ్యులు. అప్పట్లో వార్డులు లేవు, ప్రతి అభ్యర్థీ నగరమంతటా ఓట్లు అడుక్కోవాల్సిందే. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారికి బోర్డు అధ్యక్ష పదవి ఇవ్వడం ఆనవాయితీ. తొలిసారి నిలబడిన ఫైన్‌స్టైన్‌కే అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. 36 ఏళ్లకే ఆమె బోర్డు అధ్యక్షురాలు. ఆ పదవిలో కూర్చున్న తొలి మహిళ.

అక్కడి నుంచి మేయర్ కుర్చీ ఒక్క అడుగే అనిపించి ఉంటుంది. 1971లో జోసెఫ్ అలియోటో మీద నిలబడి ఓడారు. 1975లో జార్జ్ మాస్కోనీ గెలిచిన ఎన్నికలో రెండో రౌండ్ దాకా కూడా వెళ్లలేకపోయారు. నగరం అప్పుడు రెండుగా చీలి ఉంది. ఒకవైపు పాత ఐరిష్, ఇటాలియన్ క్యాథలిక్ కుటుంబాలు, పోలీసులు, ఫైర్‌మెన్. మరోవైపు హిప్పీలు, గే సమాజం, వామపక్ష యువత. ఈమె ఇద్దరికీ నచ్చే మనిషి, కానీ ఇద్దరిలో ఎవరికీ సొంత మనిషి కాదు. మధ్యలో నిలబడేవాళ్లకు మామూలు రోజుల్లో ఓట్లు రాలవు. బోర్డులో మాత్రం ఆ గుణానికి గిరాకీ ఉంటుంది, ఎందుకంటే అక్కడ లెక్క 11లో ఆరు. 1978లో తోటి సభ్యులు ఆమెను మళ్లీ అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

ఆ ఏళ్లలో నగరం మామూలుగా లేదు. 1976లో ఒక తీవ్రవాద ముఠా ఆమె ఇంటి కిటికీ దగ్గరి పూలతొట్టిలో బాంబు పెట్టింది. అదృష్టం, పేలలేదు. ఆ తర్వాత ఆమె ఒక రివాల్వర్ దగ్గర పెట్టుకుని, కాల్చడం కూడా నేర్చుకున్నారు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మళ్లీ నవంబరు 27కి వద్దాం. డాన్ వైట్ అనే యువ సూపర్‌వైజర్, మాజీ పోలీసు, మాజీ ఫైర్‌మన్. జీతం చాలడం లేదని ఆ నెల 10న రాజీనామా చేశాడు. తర్వాత మనసు మార్చుకుని పదవి తిరిగి ఇమ్మన్నాడు. మేయర్ మాస్కోనీ ఇవ్వకూడదని నిర్ణయించారు. ఆ ఉదయం వైట్, మెటల్ డిటెక్టర్లకు దొరక్కుండా సెల్లార్ కిటికీలోంచి సిటీ హాల్‌లోకి దిగాడు. మేయర్‌ను ఆయన గదిలోనే కాల్చాడు. తుపాకీ మళ్లీ లోడ్ చేసుకుని, భవనంలో సూపర్‌వైజర్ల గదులున్న వైపు నడిచి, హార్వీ మిల్క్‌ను కాల్చాడు. తాను గే అని బాహాటంగా చెప్పుకుని కాలిఫోర్నియాలో ఎన్నికల్లో గెలిచిన మొదటి రాజకీయ నాయకుడు మిల్క్. కాల్పుల చప్పుడు ఫైన్‌స్టైన్ గదికి వినబడింది. బయటికొస్తే తుపాకీ మందు వాసన. ఒక గదిలో మిల్క్ పడి ఉన్నారు. నాడి చూద్దామని మణికట్టు పట్టుకుంటే ఆమె వేలు గుండు చేసిన రంధ్రంలోకి దిగింది.

కొద్దిసేపటికి విలేకరుల ముందుకొచ్చి, మేయర్ మాస్కోనీ, సూపర్‌వైజర్ హార్వీ మిల్క్ ఇద్దరూ కాల్పుల్లో చనిపోయారని, అనుమానితుడు సూపర్‌వైజర్ డాన్ వైట్ అని ఆమే ప్రకటించాల్సి వచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. గుంపులోంచి అరుపులు లేస్తాయి. ఆమె ఆగి, చెప్పాల్సిన వాక్యం పూర్తి చేస్తారు. అంతకు తొమ్మిది రోజుల ముందే గయానాలోని జోన్స్‌టౌన్‌లో 900 మందికి పైగా చనిపోయారు. ఆ మరణాల వెనకున్న మతబృందం పీపుల్స్ టెంపుల్ కేంద్రం ఒకప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉండేది. నగరం అసలే శోకంలో ఉన్నప్పుడు ఇది జరిగింది.

నగర చార్టర్ ప్రకారం మేయర్ పదవి ఖాళీ అయితే బోర్డు అధ్యక్షులు తాత్కాలిక మేయర్ అవుతారు. మిగిలిన పదవీకాలానికి ఎవరుండాలో బోర్డు తేలుస్తుంది. డిసెంబరు 4న బోర్డు ఆమెనే ఎన్నుకుంది. ఇది దానంతటదే జరిగిపోయే వ్యవహారం అనుకుంటే పొరపాటు. 2017 డిసెంబరులో మేయర్ ఎడ్ లీ హఠాత్తుగా చనిపోయినప్పుడు కూడా ఇదే నియమం కింద బోర్డు అధ్యక్షురాలు లండన్ బ్రీడ్ తాత్కాలిక మేయర్ అయ్యారు. నెల తిరిగేసరికి బోర్డు ఆమెను పక్కనపెట్టి మార్క్ ఫారెల్‌ను తెచ్చింది. బ్రీడ్ తర్వాత ప్రజల ఓటుతో గెలిచి రావాల్సి వచ్చింది. 1978లో ఫైన్‌స్టైన్‌కు ఆ ఇబ్బంది రాకపోవడానికి కారణం, మధ్యలో నిలబడి తొమ్మిదేళ్లు సంపాదించిన నమ్మకం. రెండు ఎన్నికల్లో ఓడించిన గుణమే, నగరం బెంబేలెత్తిన రోజున అర్హతగా మారింది.

ఇక్కడ మన పాఠకులకు ఒక తేడా గుర్తుచేయాలి. మన దగ్గర మేయర్ కుర్చీకి గౌరవం ఉంటుంది, ఫైలు మాత్రం కమిషనర్ దగ్గర ఉంటుంది. హైదరాబాద్ అయినా విశాఖ అయినా అంతే. అందుకే కార్పొరేటర్‌గా మొదలై పార్లమెంటు దాకా వెళ్లినవాళ్లు ఉన్నా, నగరాన్ని నడిపిన రికార్డు చూపించి వెళ్లినవాళ్లు తక్కువ. రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా చేసిన టంగుటూరి ప్రకాశం 1926లో కేంద్ర శాసనసభకు వెళ్లింది జాతీయోద్యమం బలంతో. కరీంనగర్ కార్పొరేటర్ బండి సంజయ్ 2019లో లోక్‌సభకు వెళ్లింది పార్టీ ఊపుతో. శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్‌కు వీటో ఉంటుంది, బడ్జెట్ ప్రతిపాదన ఆయనదే, అప్పట్లో పోలీసు కమిషన్‌లోకి మనుషుల్ని వేసేదీ ఆయనే. బాగు చేస్తే పేరు, చెడిపోతే తిట్లు, రెండూ ఒకే మనిషికి. ఆ కుర్చీలో ఫైన్‌స్టైన్ తొమ్మిదేళ్లకు పైగా ఉన్నారు.

1979లో సొంతంగా గెలిచారు. ఆ తర్వాత ఆమె పాలన చూస్తే సిద్ధాంతం కన్నా మరమ్మతు మీద మోజు ఎక్కువ. నగరానికి గుర్తుగా నిలిచిన కేబుల్ కార్ల పట్టాలు, యంత్రాలు పాతబడి ప్రమాదంగా మారాయి. 1982 సెప్టెంబరులో మొత్తం ఆపేసి, దాదాపు 6 కోట్ల డాలర్లతో తిరిగి కట్టించి, 1984 జూన్‌లో మళ్లీ నడిపించారు. అదే జులైలో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ మహాసభ ఆ నగరంలోనే జరిగింది. దేశమంతా టీవీల్లో ఆ ఊరిని చూసే సమయానికి ఇల్లు సర్దిపెట్టుకున్నారన్నమాట. ఆ ఏడాదే ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థి వాల్టర్ మాండేల్ ఉపాధ్యక్ష అభ్యర్థి కోసం ఆమె పేరు పరిశీలించి, చివరికి జెరాల్డీన్ ఫెరారోను ఎంచుకున్నారు.

గే సమాజంతో ఆమె బంధం ఎప్పుడూ తిన్నగా సాగలేదు. ఎయిడ్స్ విజృంభించినప్పుడు, వాషింగ్టన్ నోరు మెదపని రోజుల్లో, నగర ఆసుపత్రిలో 1983లోనే ఎయిడ్స్ రోగుల కోసం ప్రత్యేక వార్డు తెరిచారు. దాన్ని చూసే మిగతాచోట్ల నేర్చుకున్నారు. కానీ అంతకు కొన్ని నెలల ముందే, పెళ్లి కాని భాగస్వాములకు ఉద్యోగ ప్రయోజనాలిచ్చే ఆర్డినెన్స్‌ను ఆమె వీటో చేశారు. దాంతో మిల్క్ అభిమానులు భగ్గుమన్నారు. అప్పటికే నగరంలో చేతి తుపాకుల మీద నిషేధం తెచ్చి కోర్టులో ఓడిపోయి ఉన్నారు. ఆ నిషేధంపై కోపంతో ఒక చిన్న రాడికల్ బృందం సంతకాలు సేకరించి, ఆమెను రీకాల్ చేయాలంటూ, అంటే పదవీకాలం మధ్యలోనే ఓటుతో దించేయాలంటూ, ఎన్నిక పెట్టించింది. 1983 ఏప్రిల్‌లో జరిగిన ఆ ఓటింగ్‌లో 80 శాతానికి పైగా ఆమె ఉండాలనే తేల్చారు. పడగొట్టబోయినవాళ్లు కుర్చీకి మేకులు కొట్టి వెళ్లారు. ఆ నవంబరులో ఆమెకు గట్టి ప్రత్యర్థే లేకుండా పోయారు.

తప్పులూ ఉన్నాయి. 1985లో ‘నైట్ స్టాకర్’ పేరుతో కాలిఫోర్నియాను వణికించిన హంతకుడి గురించి ప్రెస్‌మీట్ పెట్టి, పోలీసులు గుట్టుగా ఉంచిన బూటు గుర్తులు, తుపాకీ వివరాలు బయటపెట్టేశారు. హంతకుడు ఆ బూట్లను గోల్డెన్ గేట్ వంతెన మీంచి పారేశాడు. లాస్ ఏంజెలెస్ డిటెక్టివ్‌లు తల పట్టుకున్నారు. అన్నీ తానే చూసుకోవాలి, తానే చెప్పాలి అనే మేయర్లకు ఉండే జబ్బు ఇది.

రెండు పూర్తి పదవీకాలాలు ముగిశాక, పరిమితి ప్రకారం 1988 జనవరిలో దిగిపోయారు. 1990లో గవర్నర్ పదవికి నిలబడ్డారు. మరణశిక్షను సమర్థిస్తానని సొంత పార్టీ సభలోనే అన్నారు. ప్రతినిధులు గోల చేశారు. ఆమె బృందం ఆ గోలనే టీవీ ప్రకటనలో వాడుకుంది, ఈమె ఎవరికీ వంగదు చూడండి అన్నట్టుగా. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ గెలిచారు, అసలు ఎన్నికలో పీట్ విల్సన్ చేతిలో కొద్ది తేడాతో ఓడారు.

ఈ ఓటమిలోనే తమాషా ఉంది. విల్సన్ శాన్‌డియాగో మాజీ మేయర్, అప్పటికి సెనేటర్. గవర్నర్ అయ్యాక తన సెనేట్ సీటు ఖాళీ చేసి, అందులో జాన్ సీమోర్‌ను నియమించారు. ఆయన అనహైమ్ మాజీ మేయర్. ఆ సీటు మిగిలిన రెండేళ్లకు 1992లో ఉప ఎన్నిక వస్తే, సీమోర్‌ను ఓడించింది శాన్‌ఫ్రాన్సిస్కో మాజీ మేయర్. మూడు ఊళ్ల మేయర్ల మధ్యే తిరిగిన సీటన్నమాట. అదే రోజు కాలిఫోర్నియా రెండో సీటు గెలిచిన బార్బరా బాక్సర్ కూడా మరిన్ కౌంటీ బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్ నుంచి వచ్చినవారే. అప్పటికే దాదాపు మూడు కోట్ల జనం ఉన్న రాష్ట్రంలో వేరే దారిలో ఎక్కిరావడం కష్టం. గవర్నర్ లేదా సెనేట్ ఎన్నికకు ముందే ఒక పెద్ద నగరంలో ముఖం పరిచయమై ఉండాలి.

సెనేట్‌లో ఆమె పేరు మొదట మోగింది తుపాకుల చట్టంతోనే. 1993 జులై 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని 101 కాలిఫోర్నియా స్ట్రీట్ భవనంలో ఒకడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. ఆ నవంబరులో ఆమె సైనిక తరహా తుపాకుల నిషేధాన్ని సవరణగా పెట్టారు. చర్చలో ఐడహో సెనేటర్ లారీ క్రెయిగ్ లేచి, కాలిఫోర్నియా సభ్యురాలు తుపాకుల గురించి మరికాస్త తెలుసుకుంటే మంచిదన్న ధోరణిలో మాట్లాడారు. తనకు తుపాకులు బాగానే తెలుసని, హత్య వల్లే మేయర్‌నయ్యానని, చనిపోయిన సహచరుడి నాడి కోసం వెతికితే వేలు గుండు రంధ్రంలోకి పోయిందని ఆమె బదులిచ్చారు. రివాల్వర్ కాల్చడం నేర్చుకున్న సంగతీ అక్కడ ప్రస్తావించారు.

ఆ ఘట్టం అందరికీ గుర్తుంది. చట్టాన్ని గట్టెక్కించింది మాత్రం వేరే పని. నిషేధించాల్సిన 19 రకాల తుపాకుల్ని పేర్లతో రాశారు. దానికి తోడు వేటగాళ్లు, రైతులు వాడే 600కు పైగా తుపాకుల్ని పేరుపేరునా మినహాయిస్తూ అనుబంధం చేర్చారు. మీ తాత తుపాకీని ఎవరూ ముట్టుకోరు, కావాలంటే ఈ లిస్టు చూసుకోండి అని ఒక్కో సభ్యుడికీ చెప్పగలిగేలా. పదేళ్ల గడువు పెట్టడానికీ ఒప్పుకున్నారు. కార్పొరేషన్‌లో ఒక్కో వార్డు సభ్యుణ్ణి కూర్చోబెట్టి ఒప్పించే పద్ధతి ఇది. ప్రతినిధుల సభలో రెండే ఓట్ల తేడాతో బయటపడింది. 1994 సెప్టెంబరు 13న సంతకమైంది. పదేళ్లకు అదే తేదీన గడువు తీరిపోయింది. మళ్లీ తేవాలని ఆమె ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. గడువుకు ఒప్పుకోకపోతే అసలు చట్టమే వచ్చేది కాదు, ఒప్పుకున్నందుకు అది నిలవలేదు. రాజీకి ఉన్న రెండు ముఖాలూ ఆ ఒక్క చట్టంలోనే కనిపిస్తాయి.

ఎడారి రక్షణ చట్టం కూడా ఆ ఏడాదిదే. డెత్ వ్యాలీ, జాషువా ట్రీ జాతీయ పార్కులయ్యాయి. మొహావీ ఎడారిలో వేటకు అనుమతి ఉంచి, పార్కు అనే హోదా వదులుకుని గండం గట్టెక్కారు. ఆ నవంబరులో సొంత డబ్బు కోట్లకు కోట్లు కుమ్మరించిన మైకేల్ హఫింగ్టన్‌ను రెండు శాతం లోపు తేడాతో దాటారు. ఆ తర్వాత ఎన్నికలు ఆమెకు కష్టం కాలేదు. 2012లో 78 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, సెనేట్ ఎన్నికల చరిత్రలో అప్పటికి అదే రికార్డు.

ఈ మధ్యేమార్గపు మనిషి ఒక్కసారి మాత్రం తెగించారు. 2009 నుంచి ఇంటెలిజెన్స్ కమిటీకి అధ్యక్షురాలు, ఆ పదవిలో తొలి మహిళ. ఇరాక్ యుద్ధానికి ఓటేసినవారు, ఫోన్ రికార్డుల సేకరణను 2013లో గట్టిగా వెనకేసుకొచ్చినవారు. గూఢచారి సంస్థలు తమ మనిషి అనుకునే రకం. అలాంటి ఆమే, సీఐఏ ఖైదీలను చిత్రహింసలు పెట్టిన తీరుపై 63 లక్షల పేజీల పత్రాలు చదివించి, 6,700 పేజీల నివేదిక రాయించారు. తమ కమిటీ సిబ్బంది కంప్యూటర్లలోకే సీఐఏ తొంగిచూసిందని 2014 మార్చిలో సభలో నిలబడి ఆరోపించారు. కొన్ని నెలలకు సీఐఏ అధిపతి జాన్ బ్రెనన్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. వద్దని ఎందరు చెప్పినా డిసెంబరు 9న సారాంశాన్ని బయటపెట్టారు. సంస్థలంటే గౌరవం ఉన్న మనిషికే సంస్థ అబద్ధం చెబితే అంత కోపం వస్తుంది కాబోలు.

కాలం మారాక, అందరితో సర్దుకుపోయే ఆ గుణం సొంత పార్టీకే రుచించలేదు. 2018లో కాలిఫోర్నియా డెమొక్రాటిక్ పార్టీ ఆమెను కాదని కెవిన్ డి లియోన్‌కు మద్దతిచ్చింది. అయినా ఆమే గెలిచారు. 2020లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఎమీ కోనీ బారెట్ నియామకంపై సెనేట్ విచారణ ముగిశాక, న్యాయ కమిటీ అధ్యక్షుడైన రిపబ్లికన్ లిండ్సే గ్రాహంను కౌగిలించుకుని మెచ్చుకోవడంతో ఆగ్రహం పెల్లుబికింది. పాత సిటీ హాల్‌లో అది మర్యాద. 2020 వాషింగ్టన్‌లో అది లొంగుబాటుగా కనిపించింది. మరోవైపు, 1982లో వీటో చేసిన మనిషే, స్వలింగ వివాహాలకు రక్షణనిచ్చి 2022లో చట్టమైన బిల్లును సెనేట్‌లో పెట్టారు.

చివరి ఏడాది చూడ్డానికి బాధగా ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హెర్పిస్ రకపు జబ్బు షింగిల్స్ సోకి మే దాకా రాలేకపోయారు. న్యాయ కమిటీలో డెమొక్రాట్లకు ఒకే ఒక్క ఓటు ఎక్కువ. ఆమె లేకపోతే సరిసమానం, జడ్జీల నియామకాలు ఆగిపోయాయి. రాజీనామా చేయాలని ఏప్రిల్‌లో బాహాటంగా అన్న సొంత పార్టీవారిలో ముందున్నది రో ఖన్నా. ఫ్రీమాంట్, సన్నీవేల్ లాంటి, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఊళ్లకు ప్రతినిధి ఆయన. ఆమె దిగలేదు. మేలో చక్రాల కుర్చీలో తిరిగొచ్చారు. సెప్టెంబరు 28న ఓటు వేశారు, మర్నాడు వాషింగ్టన్‌లోని ఇంట్లో చనిపోయారు.

ఆ సీటులో గవర్నర్ గావిన్ న్యూసమ్, తానూ ఒకప్పటి శాన్‌ఫ్రాన్సిస్కో సూపర్‌వైజర్, మేయరే అయినా, అంతకు ముందు ఏ ఎన్నికా గెలవని లఫోంజా బట్లర్‌ను నియమించారు. అక్టోబరు 4న ఫైన్‌స్టైన్ భౌతికకాయాన్ని సిటీ హాల్‌లో ఉంచారు. మర్నాడు బయట సంస్మరణ సభ జరుగుతుంటే, ఫ్లీట్ వీక్ కోసం సాధన చేస్తున్న నౌకాదళ విమానాలు తలల మీంచి హోరుమంటూ వెళ్లాయి. మాట్లాడేవాళ్ల గొంతు వినబడలేదు. ఆ నౌకాదళ ఉత్సవాన్ని 1981లో ఆ ఊళ్లో మొదలుపెట్టించింది మేయర్ ఫైన్‌స్టైనే.